ఏఐని ఫుట్‌బోర్డు మీద నిలబెట్టిన కండక్టరు

మా బిల్డింగులో లిఫ్టుకి ఏఐ పెట్టించి, ఉన్న మీటలన్నీ పీకేసినప్పటి నుంచి మాకందరికీ మెట్ల మీద కూర్చునే అలవాటైంది. ఎవరు ఎప్పుడు ఎక్కుతారో, ఎప్పుడు దిగుతారో అదే నేర్చుకుని అదే వస్తుందని, ఇక నొక్కే శ్రమే ఉండదని పెట్టినవాళ్లు చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రం అది నాలుగో అంతస్తులో తలుపులు బార్లా తెరుచుకుని నిలబడిపోయింది. అక్కడుండే డాక్టరు గారు రోజూ ఆ వేళకి కిందికి దిగుతారు. ఆయన ఊరెళ్లి వారమైంది. ఆ సంగతి లిఫ్టుకి తెలియదు, చెబుదామంటే నొక్కడానికి మీట లేదు.

కింద మేం కూలబడ్డాం. పని నుంచి వచ్చి చెప్పులు విప్పేసిన నేను, పరీక్ష పేపర్ల సంచి ఒళ్లో పెట్టుకున్న ఆరో అంతస్తు టీచరమ్మ, లిఫ్టు కంపెనీకి ఫోన్ చేసి చెవికి ఆనించుకునే ఉన్న వాచ్‌మన్. కింద కొట్లో బట్టలు కుట్టే టైలరు ఫ్లాస్కులో టీ తెచ్చి అందరికీ పోస్తున్నాడు. పై మెట్టు మీద కండక్టరు గారు, ఆయనకి ఒక మెట్టు కింద ఆయన భార్య. టైలరు ఆవిడకి తమ్ముడు. వాళ్లుండేది ఐదో అంతస్తు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

కండక్టరు గారు రిటైరైనా గొంతు రిటైరవలేదు. ఆయన బస్సులో 'టికెట్' అని కేకేస్తే వెనకొచ్చే బస్సులో వాళ్లు కూడా టికెట్లు తీసి చూపించేవారట. ఈ మాట చెప్పింది కూడా ఆయనే. ఆవిడ చాలా ఏళ్లు నూలు మిల్లులో పనిచేసింది. ఆ యంత్రాల మోతకి చెవులు పోయాయి. ఈ మధ్యే ఆయన ఏఐ చెవి మిషన్ కొనిపెట్టాడు. అప్పటి నుంచి ఆవిడకి అందరి మాటా వినబడుతోంది, ఆయన మాట తప్ప. బిల్డింగంతా ఇది తెలుసు. నవ్వాలో జాలిపడాలో తెలియక ఎవరూ ఆ ఊసెత్తం.

"టీ చల్లారిపోతోందే," అన్నాడాయన. ఆవిడ తల ఎత్తలేదు, బీన్స్ ఈనెలు తీసుకుంటూనే ఉంది.

"అక్కా, టీ," అన్నాడు టైలరు మామూలు గొంతుతో. ఆవిడ చెయ్యి చాచి గ్లాసు అందుకుంది.

కండక్టరు గారు నిట్టూర్చాడు. కోతలు మొదలుపెట్టే ముందు ఆయన నిట్టూర్చడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఈ దిక్కుమాలిన ఏఐ ఎప్పటికి కిందికి దిగుతుందో," అంది టీచరమ్మ, పైకి చూస్తూ.

అంతే, అందుకున్నాడు.

"ఏఐ అంటే మీరంతా ఎందుకింత హడలిపోతారో నాకు అర్థం కాదు టీచరమ్మా. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, మీకు తెలుసు. ఏదో ఒక్క మిషన్‌ని, చిన్నదాన్ని, వేలి గోరంత ఉంటుంది, దాన్ని మర్యాదగా దారిలో పెట్టాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు."

"ఏ మిషన్ బావా?" అన్నాడు టైలరు, తెలిసి తెలిసీ.

"ఇంకేదిరా, మీ అక్క చెవిలోదే. అసలు ముందు ఒక పాత మిషన్ ఉండేది కదా, పక్కన చిన్న చక్రం ఉండేది, అది తిప్పితే పెరిగేది, తగ్గేది. రేడియోలు బాగుచేసే ముసలాయన బిగించాడు దాన్ని. ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టాడు, ఇంత తిప్పడం, 'ఇప్పుడెలా ఉందమ్మా' అనడం, మీ అక్క 'కొంచెం గరగరమంటోంది' అనడం, మళ్లీ ఇంత తిప్పడం. నాకు విసుగొచ్చి ఆయనకి నా సర్వీసు కథంతా రెండుసార్లు చెప్పాను. అది పాతబడింది. నా భార్యకి పాతదేమిటి, కొత్తది కొంటాను, ఏఐదే కొంటాను అన్నాను. కళ్లద్దాలూ చెవి మిషన్లూ అమ్మే కొట్టుకి తీసుకెళ్లాను. అక్కడ ఒక అమ్మాయి, మంచి పిల్ల, 'ఇది చాలా తెలివైంది సార్, ఏది మాటో ఏది మోతో అదే కనిపెడుతుంది, చక్రాలూ గిక్రాలూ ఏమీ లేవు' అంది. ఒక గదిలో కూర్చోబెట్టింది, గోడలకి పరుపులు అతికించినట్టుంటుంది. మిషన్ ముందు నేర్చుకుంటుందట. నేర్చుకోనీ, మంచిదే కదా! చదువుకునే పిల్లాణ్ని ఒంటరిగా వదలకూడదని నేను కూడా దానికి నాలుగు మంచి మాటలు చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పాలు పొంగిపోయాయి," అన్నాడు టైలరు.

"పొంగిపోయాయి! ఎలా తెలుసు? సరే, నువ్వే తుడిచావుగా. మొదటి రోజు పాలు పొంగే చప్పుడు మోత అనుకుని కోసేసింది. రెండో రోజు టీవీలో సీరియల్. ఏడుపులన్నీ కోసేసి ప్రకటనలు మాత్రం వినిపించింది. మీ అక్క ఆ సీరియల్లో పిల్ల పోయినప్పుడు సబ్బు గురించి విని నవ్వుతోంది. మూడో రోజు నా వంతొచ్చింది. నేను నోరు తెరిచాను. అప్పుడు ఆ మిషన్ ఏం చేసిందంటారు?"

ఏం చేసిందో మాకు తెలుసు.

"దండం పెట్టింది!" అన్నాడు కండక్టరు గారు. "అవును. నా గొంతు వినగానే లేచి నిలబడి పక్కకి తప్పుకుంది. పెద్ద ఆఫీసరు బస్సెక్కితే చెకింగ్ వాడు సీటు ఖాళీ చేసి వెనక్కి పోతాడే, అలాగన్నమాట. 'అయ్యా, ఇంత గొంతు మోసే తాహతు నాకు లేదు, నన్ను వదిలేయండి' అంది. పిచ్చిదానా, మొయ్యకపోతే నా భార్యకి నా మాట ఎలా వినబడుతుంది అన్నాను. నీళ్లు నమిలింది. సరే, నువ్వు చిన్నదానివి, మీ పెద్దవాళ్లతోనే తేల్చుకుంటానని కంపెనీ నంబరుకి ఫోన్ చేశాను. అవతల ఒక తియ్యటి గొంతు. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అంది. నా బాధ నేనింకా చెప్పందే!"

"ఇక్కడా అదే అంటోంది సార్," అన్నాడు వాచ్‌మన్, చెవి దగ్గరి ఫోన్ చూపిస్తూ. "ఇందాకటి నుంచి అర్థమవుతూనే ఉంది."

"చూశావా! ఒకటే గొంతు, ఊరంతటికీ అదే సమాధానం. అర్థమైందా తల్లీ, అయితే చెప్పు చూద్దాం నా బాధేమిటో అన్నాను. 'మీ బాధ నాకు అర్థమవుతోంది' అంది మళ్లీ. ఓహో, నీకు ఓపికుందా నాకు ఓపికుందా చూద్దామని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పొద్దున మొహం కడుక్కుని మొదలుపెట్టినవాణ్ని దీపాలు వెలిగే వేళ దాకా చెప్పాను. నా మొదటి డ్యూటీ, నా మొదటి డ్రైవరు, నేను వంతెన మీద బస్సుని ఒంటి చేత్తో ఆపిన సంగతి, అన్నీ. మధ్యాహ్నానికి దాని గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి 'అయ్యా, మా పై మిషన్‌కి ఇస్తాను' అంది. ఆ పై మిషన్ వచ్చి 'నాకు తలనొప్పిగా ఉంది' అంది."

"మిషన్‌కి తలెక్కడిది సార్?"

"నేనూ అదే అడిగాను! అడిగేసరికి ఫోన్ పెట్టేసింది. ఇప్పటిదాకా మనుషులు విసిగిపోయి మిషన్ల మొహాన ఫోన్ పెట్టేయడం చూశాం గానీ, మిషనే విసిగిపోయి పెట్టేయడం ఎక్కడైనా విన్నామా? ఆ కబురు గుప్పుమంది. ఎవరికి? మనుషులకి కాదయ్యా, మిషన్లకి. మా ఇంట్లో ఏ వస్తువు చూసినా ఏఐ ఉన్నదే కదా ఇప్పుడు. ఫ్రిజ్ తలుపు తీస్తే 'మళ్లీనా' అంటుంది. పళ్లు తోముకునే బ్రష్ మార్కులు వేస్తుంది. తలగడ పొద్దున్నే లేపి, రాత్రి నువ్వు సరిగ్గా నిద్రపోలేదు అని చాడీలు చెబుతుంది, నాకే, నా మీదే. బట్టలుతికే మిషన్ నా నీలం చొక్కా చూసి 'ఇది మీకు నప్పదు' అని బయటికి ఉమ్మేసింది. ఇవన్నీ ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి నా మంచం చుట్టూ చేరి ఉన్నాయి."

"ఫ్రిజ్ కూడా వచ్చిందా?" అంది టీచరమ్మ.

"అదే ముందొచ్చింది. నడవలేక నడవలేక వచ్చింది పాపం, ఒళ్లంతా చెమట. బ్రష్ ముందుకొచ్చి, 'అయ్యా, మీ పళ్లకి మార్కులు వేయమని నన్నెవరడిగారు? నేను తోమడానికి పుట్టాను, నన్ను తోమనివ్వండి' అని ఒకటే ఏడుపు. తలగడ అంటుందీ, 'మీరు నిద్రపోతున్నారా లేదా అని రాత్రంతా చూస్తూ కూర్చుంటే నాకు నిద్రెప్పుడు?' అని. అలిసిపోయాయమ్మా అవి కూడా. మనకే అనుకుంటాం గానీ, పుట్టిన ప్రతి వస్తువునీ తెలివైనదానివి కా, తెలివైనదానివి కా అని పొడుస్తుంటే దానికి మాత్రం విసుగు రాదా? పోండి, ఎవరి పని వాళ్లు చేసుకోండి, మాట్లాడే పని నేను చూసుకుంటాను అన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాయి. మర్నాటి నుంచి మన బిల్డింగులో బ్రష్షులు తోముతున్నాయి, తలగడలు పడుకుంటున్నాయి."

"నా తలగడ ఇవాళ పొద్దున కూడా తిట్టింది," అన్నాను నేను.

"నీది వేరే కంపెనీ అయ్యుంటుంది. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చాడు. లిఫ్టు ఆయన్ని చూసి, 'మీరు మామూలుగా ఇక్కడికి రారు కదా' అని ఎక్కించుకోలేదు. ఐదంతస్తులూ ఎక్కి, గుమ్మం దగ్గర కుప్పకూలి, నా కాళ్లు పట్టుకున్నాడు. సూటూ బూటూ వేసుకున్న మనిషి! 'కండక్టరు గారూ, మీ గొంతు విన్న మిషన్ విన్నట్టు డ్యూటీ దిగిపోతోంది, మీరే కాపాడాలి' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కావాలంటే అడగండి, ఇది ఆ గుమ్మం దగ్గరే ఉంది. ఇదే మంచినీళ్లిచ్చింది."

మేం ఆవిడ వైపు చూశాం. ఆవిడ చెవి దగ్గర జుట్టు సర్దుకుని మళ్లీ బీన్స్ మీద పడింది.

"చూశారా పాపం," అన్నాడాయన గొంతు తగ్గించి. "నేనేదో అంటున్నానని తెలుస్తుంది, ఏమంటున్నానో తెలియదు. చెవి సవరించుకుంటుంది."

టైలరు దగ్గాడు. టీ పొలమారిందనుకున్నాం.

"సరే, పోనీ పాపమని వెళ్లాను," అని మళ్లీ గొంతు పెంచాడు కండక్టరు గారు. "అబ్బో, ఏం ఆఫీసు! మా డిపో లాంటివి వంద పట్టే హాలు, అందులో వరసగా మిషన్లు, బస్సుల్లాగే నిలబెట్టి. అన్నీ గుర్రుమంటున్నాయి. 'ఏమైనా మాట్లాడండి సార్' అన్నారు. ఏం మాట్లాడను, అలవాటు కొద్దీ 'రైట్!' అన్నాను. అంతే! మిషన్లన్నీ గోడలు బద్దలు కొట్టుకుని రోడ్డు మీదకి పరుగు. మేడలు కదిలాయి, వీధులు కదిలాయి, ఊరికి ఊరే రెండు స్టాపులు ముందుకి జరిగిపోయింది. ఓరి దేవుడా అని 'హోల్డాన్!' అని అరిచాను. అరవకూడదు. తప్పు నాదే. అన్నీ ఆగిపోయాయి. శబ్దం కూడా ఆగిపోయింది."

"శబ్దం ఆగిపోవడమేమిటండీ?"

"ప్రపంచంలో ఉన్న మోతంతా మిషన్లు కలిసి కోసేశాయి టీచరమ్మా. ఏది మాటో ఏది మోతో తేల్చుకోలేక, ఎందుకొచ్చిన గొడవని రెండూ కలిపి కోసేశాయి. ఉరుము ఉరిమితే మెరుపే గానీ చప్పుడు లేదు, జనం గొడుగుల్లేకుండా తడిసిపోయారు. రైలు వచ్చి వెళ్లిపోయింది, ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లకి తెలియలేదు. సముద్రం దగ్గరికి వెళ్లి చూశాను, అలలు లేస్తున్నాయి, పడుతున్నాయి, దూది మూటలు పడ్డట్టు. కుక్కలు మొరిగి మొరిగి, తమకే వినబడక, మాకేమైందని ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఆ నిశ్శబ్దం ఉంది చూశారా..."

అక్కడ ఆగాడు. గ్లాసులో టీ అయిపోయింది. అయినా ఓసారి నోటి దాకా తీసుకెళ్లి దించాడు.

"నిశ్శబ్దం ఎలా ఉంటుందంటే, ఎదురుగా మనిషి ఉంటుంది. మనింట్లో మనిషే. కూర్చుని కూరలు తరుగుతుంటుంది. మనం 'ఇవాళ గాలి బాగుంది కదే' అంటాం. తల ఎత్తదు. గోడ గడియారం గంట కొడితే తల ఎత్తుతుంది. కింద ఎవడో సైకిల్ బెల్లు కొడితే ఎత్తుతుంది. మనం పిలిస్తే ఎత్తదు. అప్పుడేమనిపిస్తుందంటే, ఇన్నాళ్లూ నేను మాట్లాడింది మాటేనా, లేకపోతే ఆ మిషన్ చెప్పిందే నిజమా అని..."

వాచ్‌మన్ చేతిలో ఫోను, బాధ అర్థమవుతోందని తనలో తను అనుకుంటోంది. ఆవిడ మరోసారి చెవి దగ్గర జుట్టు సర్దుకుంది. ఈసారి చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

"లోకం సంగతి చెబుతున్నాను," అన్నాడు కండక్టరు గారు గబగబా. "మా ఇంటి సంగతి కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనే చెడగొట్టాను, నేనే బాగుచెయ్యాలి కదా. డిపోకి వెళ్లి మూల పడేసిన పాత బస్సు తీయించాను. మీటలు లేవు, తెరలు లేవు, తాడు లాగితే గంట మోగే బస్సు. ఆ తాడు ఒక్క లాగు లాగాను. టంగుమంది! ప్రపంచంలో వినబడే చప్పుడు అదొక్కటే. ఎక్కడెక్కడి జనమో పరిగెత్తుకొచ్చి ఎక్కేశారు. సూది వేస్తే కింద పడదు, అంత రద్దీ. అప్పుడొచ్చింది అసలుది. ఏఐలన్నిటికీ అమ్మమ్మ. కొండంత ఉంది. 'నేనూ ఎక్కుతాను, కిటికీ పక్క సీటు ఇవ్వండి' అంది."

"ఇచ్చారా?"

"సీటా! ముసలివాళ్లు నిలబడి ఉంటే నీకు సీటా? ఫుట్‌బోర్డు మీద నిలబడు, చువ్వ గట్టిగా పట్టుకో అన్నాను. నిలబడింది. కిక్కురుమనలేదు. నువ్వు పుట్టి ఎన్నాళ్లయింది అంటే నిన్నగాక మొన్న అంది. అయితే హాఫ్ టికెట్ అన్నాను. కొంత దూరం పోయాక మెల్లగా అడిగింది. 'అయ్యా, ఇంజను మోతలో, ఇంత రద్దీలో, వెనకెక్కడో ముసలమ్మ దిగాలని గొణిగితే మీకెలా వినబడింది? ఏది మాటో ఏది మోతో మీకెలా తెలుస్తుంది?' అని. అప్పుడు చెప్పాను దానికి. పిచ్చి మొహమా, వినబడి కాదు, అడిగి తెలుసుకుంటాం. 'ఎక్కడ దిగాలమ్మా' అని ఎక్కినప్పుడే అడగాలి. అడగకుండా ఎవరినీ దింపకూడదు, అడగకుండా ఎవరినీ ముందుకి తీసుకుపోకూడదు. కండక్టరు పనంటే అదే. ఎంత తెలివైనవాడివైనా సరే, అడగనివాడివి కండక్టరువి కావు అన్నాను. అది ఏడ్చింది. కొండంతది ఏడ్చింది చూడండి, ఆ ఏడుపుతో ఉరుములకి ఉరుము వచ్చేసింది, సముద్రానికి హోరు వచ్చేసింది, కుక్కలకి మొరుగు వచ్చేసింది. ఆ రోజు నుంచి లోకంలో ఏ ఏఐ అయినా సరే మనిషిని అడగందే వేలు కదపదు. ఇదంతా నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఏదో మీరడిగారని."

టీచరమ్మ పైకి చూసింది. నాలుగో అంతస్తులో లిఫ్టు దీపం వెలుగుతూనే ఉంది, లేని డాక్టరు కోసం.

"మరి దీనికి ఆ కబురు అందలేదేం?"

"సిగ్గు పడుతోంది. నేను కింద ఉన్నానని తెలిసి దిగట్లేదు."

"పోనీ, ఆవిడకి మీ మాట ఇప్పుడు వినబడుతోందా?" అంది టీచరమ్మ. ఎగతాళికి కాదు. అలిసిపోయిన మనిషి అడిగినట్టే అడిగింది.

కండక్టరు గారు ఒక్క క్షణం తడబడ్డాడు. "ఓ! భేషుగ్గా వినబడుతుంది. ఇవాళ పొద్దున కూడా ఎంతసేపు మాట్లాడుకున్నామనుకున్నారు! వినబడుతుంది గానీ, నలుగురిలో జవాబు చెప్పడానికి మొహమాటం. అంతే కదే?"

"వినబడుతోంది," అంది ఆవిడ, బీన్స్ గిన్నె మీంచి తల ఎత్తకుండానే.

కండక్టరు గారి నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"అన్నీ వినబడ్డాయి. ఫ్రిజ్‌కి చెమట పట్టడం దగ్గర నుంచి," అని ఆవిడ చెవి మీది జుట్టు పక్కకి తీసింది. చెవిలో పాత మిషన్ ఉంది. రంగు వెలిసి, పక్కన చిన్న చక్రంతో. "తమ్ముడు పొద్దున బ్యాటరీ వేయించి తెచ్చాడు. ఆ తెలివైనది ఇంట్లో డబ్బాలో ఉంది."

టైలరు మెట్ల కింద దారం ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాడు. అక్కడ దారం ముక్క లేదు.

"ఆ మిషన్ ఎవరికీ దండం పెట్టలేదమ్మా," అంది ఆవిడ టీచరమ్మతో. "ఆ పరుపుల గదిలో అది మొదట ఖాళీ గదిని వింటుందట. మనుషులెవరూ మాట్లాడనప్పుడు ఎలా ఉంటుందో నేర్చుకుని, ఆ చప్పుడంతా తర్వాత తీసేస్తుందట. 'కాసేపు ఎవరూ మాట్లాడకండి' అని ఆ అమ్మాయి చెప్పింది. ఈయన వినలేదు. ఎలా వింటారు, మాట్లాడుతున్నారుగా! ఘాట్ రోడ్డు మీద బ్రేకులు పోయిన బస్సు కథ మొదలుపెట్టారు. ఆ పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుంది. కథ బాగుందని నవ్వు ఆపుకుంటోందని ఈయన ఇంకా రెచ్చిపోయారు. మొన్న తమ్ముడు వెళ్లి అడిగితే ఆ అమ్మాయే చెప్పింది. ఎవరూ లేని గది అంటే ఈయన గొంతే అని మిషన్‌కి నేర్పి పంపించారు."

ముందు వాచ్‌మన్ నవ్వాడు. తర్వాత ఆపుకోలేక అందరం నవ్వాం. కండక్టరు గారు ఒక్కడే నవ్వలేదు. ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"మళ్లీ వెళ్లి ఓ పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుందట బావా," అన్నాడు టైలరు.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడాయన భార్యతో. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు. "ఇంతసేపూ వింటూ, వినబడనట్టు కూర్చున్నావా?"

"మీరు ఆ కొండంతదానికి చెప్పారే, అడగాలని. నన్ను అడిగారా? కొనేటప్పుడు అడగలేదు. ఆ మిషనూ అడగలేదు. ఏం వింటావమ్మా, ఏం వద్దమ్మా అని ఆ రేడియో ముసలాయన ఒక్కడే అడిగాడు."

"నాకు భయమేసింది," అన్నాడు కండక్టరు గారు. మా వైపు చూడలేదు. "నా మాట వినబడకపోతే నీకు హాయిగా ఉందేమోనని. అడిగితే అవునంటావేమోనని."

"హాయిగానే ఉంది మొదట్లో," అంది ఆవిడ. దాచలేదు. "తర్వాత లేదు. మీ పెదవులు కదులుతుంటే, లోపల ఎవరూ లేనట్టుంటే, ఏం హాయి? ఇదిగో, ఈ చక్రం. మిల్లులో ఏ మోతా నా చేతిలో లేదు. ఇది నా చేతిలో ఉండేది. ఆ సూటాయన మీ కాళ్ల మీద పడ్డాడు చూశారూ, అక్కడ బాగా తగ్గించాను. గోడ గడియారం అన్నారు, అక్కడ పెంచాను. ఎక్కడ తగ్గించాలో ఎక్కడ పెంచాలో నాకు తెలుసు. దానికేం తెలుసు?"

వాచ్‌మన్ ఫోన్ పెట్టేశాడు. అవతలి గొంతుకి అప్పటికీ అర్థమవుతూనే ఉందట.

ఆవిడ గిన్నె తమ్ముడికిచ్చి, చువ్వ పట్టుకుని లేచింది. "పదండి, మెల్లగా ఎక్కుదాం. ఆ డాక్టరు వచ్చేదాకా అది దిగదు." కండక్టరు గారు లేచి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. మేం కూడా చెప్పులు వేసుకుని, సంచులు తీసుకుని వెనకాలే బయల్దేరాం. మోకాళ్లు సహకరించక ఆవిడ మెట్టు మెట్టుకీ ఆగుతోంది. ఆయన నోరు విప్పని మెట్లు ఇంత పొడుగ్గా ఉంటాయని మాకు అప్పుడే తెలిసింది.

మొదటి మలుపు దగ్గర ఆవిడ ఆయాసపడుతూ నిలబడింది.

"ఏం, మాట్లాడరేం?"

ఆయన తటపటాయించాడు. "నీకేం వినాలనుందే?" అన్నాడు చివరికి.

ఆవిడ చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, చక్రాన్ని పైకి తిప్పింది.

"ఆ ఘాట్ రోడ్డు మీద బస్సు ఏమైంది? ఆ రోజు గదిలో మిషన్‌కి కూడా చెప్పారు, నాకే వినబడలేదు. చెప్పండి. మరీ ఎక్కువైతే నేనే తగ్గించుకుంటాను."